ఒకేలా వినిపించే ఇంగ్లిషు మాటలు: పిల్లలకి తేడా ఎలా చెబుతున్నారు?

టెక్కలి ట్యూషన్
అందరికీ నమస్కారం. టెక్కలిలో మా ఇంటి దగ్గరే ఏడు నుంచి పదో తరగతి పిల్లలకి ఇంగ్లిషు చెబుతాను. గ్రామర్ ఏదోలా దారిలో పడుతోంది. ఒకేలా వినిపించే మాటల దగ్గరకొచ్చేసరికి మాత్రం మొత్తం గందరగోళం అయిపోతోంది.

మొన్న ఎనిమిదో తరగతి అమ్మాయి పుస్తకం తీసి చూశాను. పాఠంలో కష్టమైన ప్రతి మాట మీదా పెన్సిల్‌తో తెలుగులో ఉచ్చారణ రాసుకుంది. నిశ్శబ్దం అనే అర్థం ఉన్న మాట మీద ‘క్వైట్’ అని ఉంది. నాలుగు లైన్ల కింద ‘బాగా, చాలా’ అనే అర్థం ఉన్న మాట మీద కూడా ‘క్వైట్’ అనే ఉంది. పరీక్షలో క్లాసు నిశ్శబ్దంగా ఉంది అని రాయాల్సిన చోట చివరి రెండక్షరాలూ తారుమారు చేసేసింది. తను చదివింది పైన రాసుకున్న తెలుగునే కదా, ఇక తేడా ఎక్కణ్ణుంచి వస్తుంది?

గైడ్లలో ఈ జతల లిస్టు పేజీలకి పేజీలు ఉంటుంది. అది బట్టీ పట్టించితే ఉన్న తికమక ఇంకా పెరుగుతోంది. అఫెక్ట్-ఎఫెక్ట్, రెండు రకాల ప్రిన్సిపల్, రెండు రకాల స్టేషనరీ, లూజ్, అడ్వైస్-అడ్వైజ్. ఇవి మీరు ఎలా చెబుతున్నారు? పిల్లలకి నిజంగా పనికొచ్చిన పద్ధతి ఏదైనా ఉంటే రాయండి.

బ్యాంక్ ప్రిపరేషన్ (శ్రీకాకుళం)
మేడమ్, మా కోచింగ్‌లో గుర్తులు చెప్పేశారు, నాకు అవి చాలు. స్టేషనరీలో ఇ వస్తే ఎన్వలప్, అంటే కాగితాలు, కవర్లు. ఏ వస్తే కదలకుండా ఉన్నది. ప్రిన్సిపల్ చివర పి-ఏ-ఎల్ ఉంటే ‘పాల్’, అంటే స్నేహితుడు, కాలేజీ ప్రిన్సిపల్ మనకి స్నేహితుడు. పి-ఎల్-ఇ ఉంటే నియమం. అఫెక్ట్‌లో ఏ అంటే యాక్షన్, కాబట్టి క్రియ. ఎఫెక్ట్ నామవాచకం. ఎగ్జామ్‌లో అరనిమిషంలో ఆన్సర్ పెట్టాలి, కథలకి టైమ్ ఉండదు.

పొందూరు మాస్టారు
అమ్మా, ముందు ఈ జతలన్నిటినీ కలిపి ఒక్క లిస్టుగా చూడకు. ఇవి మూడు రకాలు. మూడింటికీ చెప్పే పద్ధతి వేరు.

కొన్ని మాటలకి ఇంగ్లిషువాళ్ల నోట్లోనే తేడా లేదు. స్టేషనరీ రెండూ, ప్రిన్సిపల్ రెండూ అలాంటివే. చెవికి తేడా లేనప్పుడు ఎంతసేపు పలికించినా లాభం లేదు. చేత్తో రాయించాలి. అదీ విడి మాటగా కాదు, వాక్యంలో పెట్టి.

ఇంకొన్నింటికి వాళ్ల నోట్లో స్పష్టమైన తేడా ఉంది, మన చెవి దాకా వచ్చేసరికి పోతోంది. దీనికి లూజ్‌ని మించిన ఉదాహరణ లేదు. చొక్కా లూజు అంటాం, స్క్రూ లూజు అంటాం, మ్యాచ్ లూజ్ అయ్యాం అని కూడా అంటాం. అన్నిటికీ అదే ‘జ’. ఇంగ్లిషులో వదులుగా ఉన్నదానికి రెండు ఓలు, చివర స్పష్టంగా ‘స్’. అది లూస్. పోగొట్టుకోవడానికి, ఓడిపోవడానికి ఒకటే ఓ, చివర జీరోలో మొదట వినిపించే శబ్దం. అంటే వదులు అనే మాటని మనం తెలుగులోకి తెచ్చుకునేటప్పుడే దాని ధ్వని మార్చేసుకున్నాం. చిన్నప్పటి నుంచి ఇంట్లో ‘లూజు’ అని వింటూ పెరిగిన పిల్లవాడికి ఈ రెండూ వేర్వేరు మాటలని ఎవరైనా పనిగట్టుకుని చెబితేనే తెలుస్తుంది. కాబట్టి ఇలాంటివాటికి నోటితో మొదలుపెట్టాలి. సరిగ్గా పలికితే రాత దాదాపు దానంతట అదే కుదురుతుంది.

అడ్వైస్, అడ్వైజ్ కూడా ఇంతే. సి ఉన్నది ‘స్’, అది సలహా. ఎస్ ఉన్నది ‘జ్’, అది సలహా ఇవ్వడం. మనం మాత్రం ‘మంచి అడ్వైజ్ ఇచ్చాడు’ అంటాం.

మూడో రకం, పలుకుబడి వేరే అయినా కంటికి దగ్గరగా కనిపించేవి. నువ్వు చెప్పిన క్వైట్ ఈ జాతిది. నిశ్శబ్దం అన్న మాటలో రెండు అక్షరాల ఊపు ఉంది, ‘క్వ-యెట్’. రెండోది ఒక్క ఊపులో అయిపోతుంది, ‘క్వైట్’. దేవదూత ఏంజెల్‌నీ కోణం యాంగిల్‌నీ రాతలో తారుమారు చేసేవాళ్లు, అప్లికేషన్‌లో మారిటల్ స్టేటస్ అన్న చోట మార్షల్ అని చదివేసేవాళ్లు ఎంతమందో. పాల డెయిరీలో ఏ ముందు వస్తుంది, రోజూ రాసుకునే డైరీలో ఐ ముందు వస్తుంది. మన పత్రికలు ‘డెయిరీ’ అని విడిగా రాసి ఆ తేడాని తెలుగులో చక్కగా నిలబెట్టాయి.

కాబట్టి ఆ అమ్మాయిని పైన తెలుగులో రాసుకోవద్దని తిట్టకు. రాసుకోనీ. ‘క్వయెట్’ అని సరిగ్గా రాసుకోమను. అదే సాయం చేస్తుంది.

టెక్కలి ట్యూషన్
మాస్టారూ, ఇలా విడదీసి ఎవరూ చెప్పలేదు. మేం అన్నిటికీ ఒకే మంత్రం వేస్తున్నాం.

కోట జంక్షన్ (విజయనగరం)
బ్యాంక్ ప్రిపరేషన్ తమ్ముడు చెప్పిన అఫెక్ట్-ఎఫెక్ట్ రూలు మీద ఒక మాట. నేను వకీలు దగ్గర గుమస్తాగా పని చేస్తాను. మా కాగితాల్లో ఎఫెక్ట్ క్రియగా తరచూ వస్తుంది. సమన్లు అవతలివాళ్లకి అందాయి అని చెప్పడానికి ‘సర్వీస్ వాజ్ ఎఫెక్టెడ్’ అని రాస్తాం. అక్కడ అర్థం ప్రభావం కాదు, జరిపించడం, అమలు చేయడం. అక్కడ ఏ పెడితే అర్థమే మారిపోతుంది. సైకాలజీ చదివేవాళ్లకి అఫెక్ట్ నామవాచకంగా కూడా ఉంది, దాంట్లో మొదటి అక్షరాన్ని గట్టిగా పలుకుతారు. రూలు నూటికి తొంభై చోట్ల పని చేస్తుందనుకో, ఎగ్జామ్‌లో తప్పు పట్టుకోమని ఇచ్చేది మిగతా పది చోట్లే.

ఇంకోటి. ప్రిన్సిపల్ అంటే స్నేహితుడు అన్న గుర్తుతో బ్యాంకు పరీక్షకి ఇబ్బందే. లోన్‌లో ప్రిన్సిపల్ అంటే అసలు. అసలు, వడ్డీ అంటాం కదా, ఆ అసలు. దాని స్పెల్లింగ్ కూడా పి-ఏ-ఎల్లే. కోర్టులో ప్రిన్సిపల్ డిస్ట్రిక్ట్ జడ్జి ఉంటారు, అదీ పి-ఏ-ఎల్లే. ఈ మూడింటికీ ‘ముఖ్యమైనది’ అన్న ఒక్క అర్థం సరిపోతుంది. కాలేజీలో ముఖ్యమైన మనిషి, అప్పులో ముఖ్యమైన మొత్తం. స్నేహితుడి గుర్తుతో అప్పు దగ్గర ఏం చేస్తారు?

బ్యాంక్ ప్రిపరేషన్ (శ్రీకాకుళం)
అసలు అన్నది బాగుంది అన్నా. అది మర్చిపోను.

పలాస జీడి
నమస్తే అండి. మాది కాశీబుగ్గ, జీడి ఫ్యాక్టరీలో గ్రేడింగ్ పని. ఇంగ్లిషు పెద్దగా చదవలేదు గానీ మా పనిలోనే ఈ గొడవ ఉంది, రాద్దామనిపించింది.

డబ్బా మీద డబ్ల్యూ 240, డబ్ల్యూ 320 అని రాస్తాం కదా. ఆ డబ్ల్యూ తెల్లటి గుండు పప్పుకి గుర్తు, ఇంగ్లిషులో వైట్ హోల్ అంటారు. నంబరేమో ఒక పౌనుకి ఎన్ని పప్పులు తూగుతాయో చెబుతుంది. నంబరు పెరిగేకొద్దీ పప్పు చిన్నదన్నమాట. మా గుంటడు ఆరో తరగతి. ఒకరోజు ఫ్యాక్టరీకి వచ్చి ‘నాన్నా, హోల్ అంటే కన్నం అని మా టీచర్ చెప్పారు. కన్నం పడ్డ పప్పుకి ఎందుకు ఎక్కువ రేటు?’ అని అడిగాడు. ఆ గుండు పప్పు ఒకటి, పుచ్చు పట్టి కన్నం పడ్డది ఒకటి రెండు అరచేతుల్లో పెట్టి చూపించాను. దీని హోల్‌కి ముందు డబ్ల్యూ ఉంది, దాని హోల్‌కి లేదు, డబ్బా మీద చూడు అన్నాను. ఇప్పటిదాకా మళ్లీ తికమక పడలేదు.

ముక్కలకి ఎల్ డబ్ల్యూ పి అని వేస్తాం. పి అంటే పీస్. అది వేరు, శాంతి పీస్ వేరు అని కూడా వాడికి ఆ రోజే చెప్పాను. మాస్టారూ, మా అన్న ఆర్మీలో ఉన్నాడు. కల్నల్ అన్న మాటని ఇంగ్లిషువాళ్లు కెర్నెల్ అనే పలుకుతారంటాడు. మేం పప్పుని కెర్నెల్ అంటాం. నిజమేనా?

పొందూరు మాస్టారు
నిజమే బాబూ. రెండూ ఒకేలా పలుకుతారు. కల్నల్ మాట ఇటాలియన్‌లో ‘కొలొనెల్లో’. ఫ్రెంచివాళ్ల దగ్గర అది ‘కొరొనెల్’ అని కూడా అయింది. ఇంగ్లిషువాళ్లకి ఆ రెండు రూపాలూ చేరాయి. చివరికి రాతలో ఎల్ ఉన్నది నిలిచింది, పలకడంలో ఆర్ ఉన్నది నిలిచింది.

నువ్వు రెండు చేతుల్లో చూపించావు చూడు, అంతకన్నా మంచి పాఠం నేను చెప్పలేను. హోల్‌కి ముందున్న ఆ డబ్ల్యూ పాతకాలంలో లేదు, తర్వాత వచ్చి చేరింది. అది అసలు హీల్, హెల్త్ అన్న మాటలకి చుట్టం. గాయం మాని, దెబ్బ తినకుండా పూర్తిగా ఉన్నది అని.

నెల్లిమర్ల జూట్
మా దగ్గర జనపనార లెక్క బేళ్లలో. ఒక బేలు అంటే 180 కిలోలు. కోర్టు బెయిలు కూడా ఇంగ్లిషులో అలాగే పలుకుతారని, ఒకదానికి ఎల్-ఇ, ఇంకోదానికి ఐ-ఎల్ అని మా మిల్లు ఆఫీసులో ఒకాయన చెప్పేదాకా నాకు తెలీదు. తెలుగులో ‘బేళ్లు’, ‘బెయిలు’ అని విడిగా రాసుకుంటాం కాబట్టి మనకి ఎప్పుడూ గొడవ రాలేదు.

పొందూరు మాస్టారు
బాగా చెప్పావు. డెయిరీ లాగే ఇదీ. మా ఊరి సంగతి కూడా చెబుతాను. పొందూరులో ఖద్దరు నేసేవాళ్లున్నారు, వాలుగ చేప దవడ ఎముకతో పత్తి ఏకి నూలు వడికే ఊరు ఇది. నేసేవాడు వీవర్. అప్పు మాఫీ వెయివర్. ఈ రెండూ ఒకే వాక్యంలో వచ్చే ఊళ్లో పిల్లలకి నేను పాతికేళ్లకి పైగా పాఠం చెప్పాను. అద్దకం డైయింగ్‌లో ఇ ఉంచి ఐ-ఎన్-జి చేరుస్తారు. చనిపోవడం డైయింగ్‌లో ఐ-ఇ పోయి వై వస్తుంది. అద్దకం మాటలో ఆ ఇ తీసేస్తే నూలు అద్దుతున్నాడన్నది చచ్చిపోతున్నాడని అయిపోతుంది.

రాజాం సిస్టర్
మాస్టారు మూడు రకాలుగా విడదీసింది బాగుంది. నేను ఇంకో విషయం చెబుతాను. అసలు ఈ జతల్ని జతలుగా చెప్పడమే తికమకకి కారణం అని నా నమ్మకం.

నేను నర్సుని. అనాటమీలో ఇలియం అని రెండున్నాయి. ఒకటి తుంటి ఎముక, మధ్యలో ఐ. ఇంకోటి చిన్నపేగు చివరి భాగం, మధ్యలో ఇ. రెండూ ఒకేలా పలుకుతాం. ఎముకల పాఠంలో ఎముక వచ్చింది. చాలా రోజుల తర్వాత జీర్ణక్రియ పాఠంలో పేగు వచ్చింది. అప్పుడు మా క్లాసులో ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు. పరీక్షల ముందు ఎవరో ‘వీటి మధ్య తేడాలు’ అని లిస్టు చేసి పంచారు. రెండూ పక్కపక్కన కనిపించాయి. అంతే, అప్పటిదాకా బాగా వచ్చినవాళ్లు కూడా ఏది ఏదో తడుముకోవడం మొదలుపెట్టారు. పక్కపక్కన పెట్టి నేర్చుకుంటే మెదడు ఆ రెండిటినీ ఒకే చోట దాచుకుంటుంది. తీసేటప్పుడు చేతికి ఏది తగిలితే అది వస్తుంది.

వార్డులో ఇది మార్కుల సంగతి కాదు. హైపోటెన్షన్ అంటే బీపీ పడిపోవడం, హైపర్‌టెన్షన్ అంటే పెరగడం. ఫోన్‌లో, హడావుడిలో, ‘హైపో’నా ‘హైపర్’నా సరిగ్గా వినపడదు. అందుకే డ్యూటీ మార్చుకునేటప్పుడు మేం ఆ మాటతో ఆపం. అంకె చెబుతాం, ‘బీపీ బాగా తక్కువగా ఉంది’ అని తెలుగులో కూడా చెబుతాం. కొత్తగా వచ్చిన పిల్లలకి నేను మొదట నేర్పేది ఇదే.

కాబట్టి టెక్కలి మేడమ్, ఈ నెల ఒక మాట నేర్పండి. అది నోట్లో, చేతిలో పూర్తిగా నిలిచాక రెండోది మొదలుపెట్టండి.

బ్యాంక్ ప్రిపరేషన్ (శ్రీకాకుళం)
సిస్టర్, కానీ ఎగ్జామ్‌లో నాలుగు ఆప్షన్లూ పక్కపక్కనే ఇస్తారు కదా. విడివిడిగా నేర్చుకున్నవాడికి అక్కడ టెన్షన్ రాదా?

రాజాం సిస్టర్
రెండూ విడిగా గట్టిపడ్డాక పక్కపక్కన పెట్టి ఎన్ని పరీక్షలైనా పెట్టుకోండి తమ్ముడూ. నేను వద్దనేది మొదటిరోజే రెండూ కలిపి చెప్పడం.

టెక్కలి ట్యూషన్
ఇది నాకు సరిగ్గా తగిలింది. మా పిల్లల్లో బాగా చదివేవాళ్లే ఎక్కువ తప్పులు రాస్తున్నారు. లిస్టు శ్రద్ధగా బట్టీ పట్టింది వాళ్లే. వెనక బెంచీవాళ్లు స్టేషనరీ షాపు బోర్డు చూసిన గుర్తుతో రాసేస్తున్నారు. అయితే మా ఊళ్లో ఒక షాపు బోర్డు మీద ఏ తో రాసి ఉంది, అదీ సమస్యే.

డల్లాస్ సోంపేట
సోంపేట నుంచి వచ్చి ఇక్కడ చాలాకాలంగా ఉంటున్నాను. ఇక్కడి పిల్లల తప్పులు చూస్తే మన తప్పులు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో బాగా అర్థమవుతుంది. అమెరికా పిల్లలు భాష మొదట చెవితో నేర్చుకుంటారు. అందుకని చెవికి తేడా లేని చోట్ల వాళ్లే ఎక్కువ తప్పులు రాస్తారు. ‘మీది’ అన్న యువర్‌కీ ‘మీరు ఉన్నారు’ అన్న యు ఆర్ కుదించిన రూపానికీ, మూడు రకాల దేర్‌కీ పెద్దవాళ్లు కూడా ఈమెయిళ్లలో తారుమారు చేస్తారు. ‘కుడ్ హ్యావ్’ని త్వరగా పలికితే ‘కుడ్ ఆఫ్’ లాగా వినిపిస్తుందని అలాగే రాసేవాళ్లున్నారు. మన పిల్లలు ఆ తప్పు దాదాపు చేయరు. మనం ఆ మాటని పుస్తకంలో చూసి నేర్చుకుంటాం, హ్యావ్ అని కంటికి తెలుసు.

మనం తప్పేది వేరే చోట. వాళ్లకి వెట్ అన్న తడికీ, వెట్ అన్న పశువుల డాక్టరుకీ ఎప్పుడూ అనుమానం రాదు. మనకి రెండూ ఒకటే ‘వ’.

ఇంకో సంగతి, ప్రాక్టీస్, లైసెన్స్. బ్రిటిష్ పద్ధతిలో నామవాచకానికి సి, క్రియకి ఎస్. అడ్వైస్-అడ్వైజ్ లాగే అనుకుంటే గుర్తుంటుంది, పలకడంలో మాత్రం ఈ రెండిటికీ తేడా లేదు. అమెరికాలో అయితే ప్రాక్టీస్ రెండు చోట్లా సి, లైసెన్స్ రెండు చోట్లా ఎస్. మన దగ్గర పుస్తకాలు బ్రిటిష్ పద్ధతివి, ఫోన్లూ కంప్యూటర్లూ ఎక్కువగా అమెరికా స్పెల్లింగ్‌తో వస్తాయి. మన డ్రైవింగ్ లైసెన్స్ కార్డు మీద సి చూసి, ఫోన్‌లో ఎస్ చూసి పిల్లలు కంగారు పడతారు. రెండూ తప్పు కాదని, పరీక్షలో ఒకే పద్ధతి పట్టుకోవాలని చెప్పండి.

పలాస జీడి
మాస్టారూ, పెద్ద ప్రశ్న ఒకటి. ఒకేలా పలికేదాన్ని రెండు రకాలుగా రాయడం ఎందుకసలు? తెలుగులో లాగా పలికినట్టు రాసుకోవచ్చు కదా.

పొందూరు మాస్టారు
ఒకప్పుడు వాళ్లూ చాలావరకు పలికినట్టే రాసేవారు. నైట్ అన్న మాట తీసుకో. రాత్రి ఒకటి, పాతకాలపు గుర్రపు వీరుడు ఒకడు. వీరుడికి ముందు కె ఉంది. అది ఊరికే పెట్టింది కాదు, ఒకప్పుడు ఆ ‘క’ పలికేవారు. మధ్యలో జి-హెచ్‌కి కూడా శబ్దం ఉండేది. రాయడం అన్న రైట్‌కి ముందున్న డబ్ల్యూ కూడా పలికేవారు. మాంసం మీట్‌కీ కలుసుకోవడం మీట్‌కీ అచ్చులు వేరుగా ఉండేవి.

1476లో విలియం కాక్స్‌టన్ ఇంగ్లండుకి అచ్చుయంత్రం తెచ్చాడు. అచ్చు వచ్చాక స్పెల్లింగులు మెల్లగా గట్టిపడిపోయాయి. సరిగ్గా ఆ కాలంలోనే, సుమారు పదిహేనో శతాబ్దం నుంచి పదిహేడో శతాబ్దం దాకా, వాళ్ల దీర్ఘ అచ్చులన్నీ స్థానం మారిపోయాయి. నోరు మారింది, కాగితం మారలేదు. వేరువేరుగా పలికే మాటలు ఒకటైపోయాయి, రాతలో మాత్రం పాత తేడా అలాగే మిగిలింది. అంటే పిల్లలు కష్టపడి నేర్చుకునే ఆ తేడా ఎవరో తిక్కతో పెట్టింది కాదు, ఒకప్పటి మనుషుల గొంతు అది. నేను క్లాసులో ఇది చెప్పి, కె-ని పలికి చూపిస్తూ ‘క్‌నిఖ్ట్’ అని అనిపించేవాణ్ణి. పిల్లలు నవ్వుకుంటూ అనేవారు. ఆ కె ఇక వాళ్ల చేతిలో నుంచి జారేది కాదు.

అన్నిటికీ ఈ కథ వర్తించదు. స్టేషనరీ రెండూ ఒకే వేరు నుంచి వచ్చినవి. పాతకాలంలో ఊరూరా తిరిగి అమ్మేవాళ్లు ఎక్కువ. ఒకచోట స్థిరంగా అంగడి పెట్టుకుని పుస్తకాలు, కాగితం అమ్మేవాడు స్టేషనర్. కదలని అంగడివాడు అన్నమాట. అతని సరుకు స్టేషనరీ. స్టేషనర్‌లో చివర ఇ-ఆర్ ఉంది చూడు, అతను అమ్మేదాంట్లోనూ ఆ ఇ-ఆర్ అలాగే ఉంటుంది. ఎన్వలప్ గుర్తుకన్నా ఇది గట్టిది.

కోట జంక్షన్ (విజయనగరం)
నోరు మారింది, కాగితం మారలేదు అంటే నాకు గిడుగు రామమూర్తి గారు గుర్తొచ్చారు.

పొందూరు మాస్టారు
రావలసిందే. 1863 ఆగస్టు 29న మన ముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. ఆ తేదీనే మనం తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటున్నాం. జనం నోట్లో ఉన్న తెలుగు ఒకటి, బళ్లో రాయించే తెలుగు ఒకటి అయిపోయిందని, పిల్లలకి చదువు అక్కడే భారమైపోతోందని ఆయన బతుకంతా వాదించారు. సవర పిల్లలకి సవర భాషలోనే చెప్పాలని ఆ భాష నేర్చుకుని, 1931లో వ్యాకరణం, 1938లో సవర-ఇంగ్లిషు నిఘంటువు తెచ్చారు. చెవితో విని రాసిన మనిషి ఆయన. ఈ రోజు మన పత్రికలు మాట్లాడే తెలుగులో వస్తున్నాయంటే ఆయనా, గురజాడా పడ్డ తపనే. ఇంగ్లిషువాళ్లకి అలాంటి పోరాటం చేసినవాళ్లు లేకపోలేదు, అక్కడ మాత్రం పెద్దగా గెలవలేదు. అమెరికాలో నోవా వెబ్‌స్టర్ 1828 నిఘంటువుతో కొన్ని స్పెల్లింగులు తేలిక చేయగలిగాడు, అంతే.

కాబట్టి పలాస బాబూ, పలికినట్టు రాసుకునే సుఖం మనకి ఊరికే రాలేదు.

టెక్కలి ట్యూషన్
ఇది చదివి పిల్లలకి ‘క్‌నిఖ్ట్’ చెప్పాలని ఉంది. మాస్టారూ, ఇంకోటి. మా పిల్లలు తెలుగులో మాట్లాడేటప్పుడే ‘తుఫానుకి మా తోట ఎఫెక్ట్ అయింది’ అంటారు. ఉద్దానం పిల్లలు కదా, 2018లో తిత్లీ వచ్చినప్పుడు కొబ్బరి, జీడి తోటలు పోయిన ఇళ్లవాళ్లు. ఆ వాక్యాన్ని ఇంగ్లిషులో పెట్టమంటే ఎఫెక్టే రాస్తారు. ఎలా విడదీయాలి?

పొందూరు మాస్టారు
ఇక్కడ తెలుగు వ్యాకరణమే పిల్లల్ని పక్కదారి పట్టిస్తోంది. మనం ఇంగ్లిషు మాటని ఏదైనా సరే తీసుకుని ‘అయింది’, ‘చేశాడు’ తగిలిస్తే క్రియ అయిపోతుంది. ప్రాక్టీస్ చేశాడు, ఎఫెక్ట్ అయింది, అడ్వైజ్ ఇచ్చాడు. అందుకని అది నామవాచకమా క్రియా అని ఆలోచించే అవసరం మనకి పడదు. ఇంగ్లిషులో ఆ ‘అయింది’ లేదు, ఆ పని మాటే చేయాలి.

అందుకే రూలు కన్నా తెలుగుని కాస్త విప్పి చెప్పించు. తోట ఎఫెక్ట్ అయింది అన్నప్పుడు ‘దెబ్బతింది’ అని అనిపించు. దెబ్బతీసింది అంటే ఏ. తుఫాను ఎఫెక్ట్ ఇంకా ఉంది అన్నప్పుడు ‘ప్రభావం’ అనిపించు. ప్రభావం అంటే ఇ. తిత్లీ ఉద్దానాన్ని అఫెక్ట్ చేసింది, దాని ఎఫెక్ట్ జీడి తోటల మీద ఏళ్ల తరబడి ఉంది. ఈ రెండు వాక్యాలూ వాళ్ల ఇళ్లల్లోవే, ఇంగ్లిషులో రాయించు. కానీ సిస్టర్ చెప్పినట్టు ఒకే రోజు వద్దు.

రాజాం సిస్టర్
సంతోషం మాస్టారూ.

బ్యాంక్ ప్రిపరేషన్ (శ్రీకాకుళం)
నేను ఫోన్‌లో వాయిస్ టైపింగ్‌తో ఒకటి చేసి చూశాను. లూస్, లూజ్ రెండూ విడివిడిగా పలికాను. ‘స్’ గట్టిగా అంటే రెండు ఓలతో వచ్చింది, ‘జ్’ అంటే ఒక ఓతో వచ్చింది. మాస్టారు రెండో రకం అన్నవాటికి ఇది బాగా పనికొస్తుంది, మన పలుకుబడి సరిగ్గా ఉందో లేదో వెంటనే తెలుస్తోంది. స్టేషనరీ మాత్రం ఒంటిగా అంటే ఏదో ఒకటి రాసేస్తోంది. ‘స్టేషనరీ షాప్’ అంటే ఇ తో సరిగ్గా రాసింది. అంటే ఫోన్ కూడా పక్క మాటని చూసే తేల్చుకుంటోంది.

డల్లాస్ సోంపేట
మంచి పని. స్పెల్ చెక్ మీద మాత్రం ఆధారపడొద్దు. రెండూ సరైన మాటలే కాబట్టి చాలాసార్లు తప్పు ఉన్నా ఎర్రగీత రాదు.

టెక్కలి ట్యూషన్
ఇయర్ గురించి ఎవరూ రాయలేదు. చెవి, సంవత్సరం. తెలుగులో రెండూ ‘ఇయర్’ అనే రాస్తాం. తూర్పు, రొట్టెల్లో వేసే ఈస్ట్ కూడా అంతే.

పొందూరు మాస్టారు
ఇది పూర్తిగా మన నోటి సమస్య. తెలుగులో మాట మొదట ఇ, ఎ వస్తే మనకి తెలీకుండానే ముందు చిన్న ‘య్’ వచ్చేస్తుంది. ఎమ్మెల్యేని ‘యెమ్మెల్యే’ అనే వింటాం. అందుకని చెవిలోనూ సంవత్సరంలోనూ మనకి ఒకటే వినిపిస్తుంది. చెవి పలికేటప్పుడు నాలుక పైకి లేవకుండా నేరుగా ‘ఇ’తో మొదలుపెట్టమను. సంవత్సరానికి ముందు ‘య్’ గట్టిగా నొక్కమను. తూర్పుకి ‘ఈ’, రొట్టె పొంగేదానికి ‘యీ’. పుస్తకంలో పెన్సిల్‌తో రాసుకునేటప్పుడు ‘యీస్ట్’, ‘యియర్’ అని రాసుకుంటే చాలు, తెలుగు లిపిలోనే తేడా చూపించొచ్చు.

సోంపేట తమ్ముడు చెప్పిన ‘వ’ కూడా ఇలాంటిదే. మన ‘వ’ వాళ్ల వి-కీ డబ్ల్యూ-కీ మధ్యలో ఎక్కడో ఉంటుంది. వి-కి పై పళ్లు కింది పెదవికి తగలాలి. డబ్ల్యూ-కి పళ్లు ఎక్కడా తగలకూడదు, పెదవులు సున్నాలా చుట్టాలి. అద్దం ముందు నిలబెట్టి వెస్ట్ అన్న పడమర, వెస్ట్ అన్న బనీను పలికించు. చెవికి పట్టేదాకా కన్ను సాయం చేస్తుంది.

నెల్లిమర్ల జూట్
మా అమ్మాయి ఇంటర్ అయ్యింది. అప్లికేషన్‌లో ఇంటర్ పాస్ట్ అని ఎలా రాయాలి? ఎస్-ఎస్-ఇ-డి నా, ఎస్-టి నా?

కోట జంక్షన్ (విజయనగరం)
పాసైంది అని రాయాలంటే ఎస్-ఎస్-ఇ-డి. అది పాస్ అన్న క్రియకి గడిచిన కాలం. ఎస్-టి ఉన్నది గతం, దాటి. రైలు చీపురుపల్లి దాటి పోయింది అన్నప్పుడు ‘వెంట్ పాస్ట్ చీపురుపల్లి’ అంటే ఎస్-టి. రైలు చీపురుపల్లిని దాటింది అని రైలే దాటే పని చేస్తే ‘పాస్డ్ చీపురుపల్లి’, ఎస్-ఎస్-ఇ-డి. వాక్యంలో వేరే క్రియ ఉందేమో చూడండి. వెంట్ లాంటిది ఇంకోటి ఉంటే ఎస్-టి, లేకపోతే ఎస్-ఎస్-ఇ-డి.

అమ్మాయి ఇంటర్ అయ్యిందంటే తర్వాత ఇంజినీరింగ్ అడ్మిషన్లకి వెళ్తుందేమో. అక్కడ జరిగే కౌన్సెలింగ్‌లో ఎస్-ఇ-ఎల్ ఉంటుంది, సలహా చెప్పడం. మున్సిపల్ కౌన్సిల్‌లో సి-ఐ-ఎల్, అది సభ. బొబ్బిలి మున్సిపాలిటీలో వార్డు తరఫున ఉండేది సి ఉన్న కౌన్సిలర్. సీట్ల దగ్గర కూర్చుని సలహా చెప్పేది ఎస్ ఉన్న కౌన్సెలర్. మా వకీళ్లని కూడా కోర్టులో ఎస్ ఉన్న కౌన్సెల్ అనే పిలుస్తారు. అప్లికేషన్ పూర్తయ్యాక కావాలంటే ఇక్కడ పెట్టండి, చూసి చెబుతాను. పేరు, హాల్ టికెట్ నంబరు కనిపించకుండా పెట్టండి.